వాగుడుకాయ వచ్చిన ఆదివారం

పత్రికలో పనిచేసి రిటైరైనవాళ్లను జ్ఞాపకాలు చెప్పమంటే ఎన్నికల ఫలితాల గురించో, తుపాను వార్తల గురించో చెబుతారు. నా దగ్గర అవీ ఉన్నాయి. కానీ ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటి పిల్లలు అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఒక అల్లరి పిల్ల. ఆమె రావడంవల్ల ఒక విభాగం నిలబడింది, ఒక అమ్మాయి పరువు నిలబడింది, నా బీపీ దిగింది.

నాది తెనాలి. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక ఒకే దినపత్రికలో ఇరవై ఏళ్లకు పైగా డెస్కులో పనిచేశాను. వార్తలు దిద్దడం, శీర్షికలు పెట్టడం తప్ప ఇంకో పని తెలియదు. తొంభైల చివర మా యజమానికి ఇంటర్నెట్ మీద మనసు పడింది. ఆయన్ను మేమంతా పెద్దాయన అనేవాళ్లం. ‘‘కాలేజీ పిల్లలు పేపరు ముట్టుకోవడం లేదు. వాళ్లున్న చోటికి మనమే వెళ్దాం’’ అని యువత కోసం ఒక విభాగం పెట్టారు. తెలంగాణ పిల్లలు, కోస్తా పిల్లలు, సీమ పిల్లలు, సగం ఉర్దూ కలిపి మాట్లాడే పట్నం పిల్లలు, తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం రాని బళ్లారి పిల్లలు అందరూ ఒకచోట చేరి కబుర్లు చెప్పుకోవాలన్నది ఆయన ఆలోచన. దానికి నన్ను ఇన్‌చార్జిగా వేశారు. ఆ ఉత్తర్వు చూసి డెస్కులో పక్క సీటాయన గొంతు తగ్గించి, ‘‘ఏం తప్పు చేశారమ్మా?’’ అని అడిగాడు.

ఈ విభాగానికి వేరే ఆఫీసు, హైటెక్ సిటీలో. ఇప్పుడు మీరు చూసే హైటెక్ సిటీ కాదు. ఒక గుండ్రటి భవనం, చుట్టూ బండరాళ్లు, దూరంగా ఖాజాగూడ గుట్టలు. మొదటిరోజు మాదాపూర్‌లో ఆటో ఎక్కితే, ‘‘ఆడ అన్నీ రాళ్లే గద మేడం, మీరేం పని చేస్తరు?’’ అని ఆటో అతను నిజంగానే ఆరా తీశాడు.

నాకిచ్చిన జట్టులో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకడు కర్నూలు కుర్రాడు. కంప్యూటరు పనంతా అతనిదే. సైట్ ఆగిపోతే ముందు దేవుణ్ని తిట్టి, తర్వాత బాగుచేసేవాడు. రెండోది వరంగల్ అమ్మాయి. జర్నలిజం చదివి నేరుగా మా దగ్గర చేరింది. చాట్ గది చూసుకోవడం ఆమె పని. మీకు తెలియకపోవచ్చు కనుక చెబుతున్నాను, చాట్ గది అంటే తెరమీద ఒక పేజీ. అందులో ఎవరు ఏది రాసినా అప్పుడు అక్కడున్న వాళ్లందరికీ కనిపిస్తుంది. ఎవరి అసలు పేరూ ఎవరికీ తెలియదు, పెట్టుకున్న ముద్దుపేర్లే. బూతులు రాసేవాళ్లను బయటికి పంపి, మిగతావాళ్లను కబుర్లలో పెట్టి గది కళకళలాడేలా చూడాలి. అప్పట్లో కంప్యూటర్‌కూ తెలుగు అక్షరాలకూ పడేది కాదు. అందుకని పిల్లలు తెలుగునే ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టేవాళ్లు. నేనిక్కడ మన అక్షరాల్లోనే రాస్తున్నాను.

ఆ గదికి ప్రాణం ‘వాగుడుకాయ’. ఎవరో ఏమో తెలియదు, రోజూ సాయంత్రం వచ్చేది. ఎవడో కుర్రాడు చందమామ మీద కవిత్వం రాస్తే, ‘‘తమ్మీ, ఆయన్ని ఇప్పటికే లక్షమంది తిప్పలు పెట్టిన్రు, నువ్వన్న ఇడిచిపెట్టు’’ అనేది. ఒకసారి విజయవాడ కుర్రాడొకడు ‘‘గిట్ల, గట్ల, ఇదేం భాష?’’ అని వెక్కిరించాడు. గదిలో యుద్ధం మొదలయ్యేలా ఉంది. వరంగల్ అమ్మాయికి కోపం వచ్చి అతన్ని బయటికి పంపబోయింది. ఇంతలో వాగుడుకాయ రాసింది: ‘‘మీ ‘ఇలా’కు మా ‘గిట్ల’ మేనబావ అయితడు. రేపు పెండ్లి పెట్టుకునేటోళ్లు, ఇయ్యాల కొట్లాడకుర్రి.’’ ఆ విజయవాడ కుర్రాడే ముందు నవ్వి, కట్నం ఎంతిస్తారని అడిగాడు. అప్పటినుంచి అతను రోజూ వచ్చేవాడు, ఆమెకోసమే.

వరంగల్ అమ్మాయికి వాగుడుకాయ ప్రాణ స్నేహితురాలైపోయింది. ముఖం చూడలేదు, గొంతు వినలేదు. ఎన్నిసార్లు ఫోన్ చెయ్యమన్నా తప్పించుకునేది. ‘‘ఫోన్ల మాట్లాడితే మజా రాదే’’ అనేది. ‘‘గొంతు గాడిద లెక్క ఉంటదేమో మేడం’’ అని మా అమ్మాయి నవ్వేది.

ఆ నవ్వు మా మీదికే వచ్చింది.

విభాగం మొదలై ఏడాది కావస్తుండగా పెద్దాయన సమీక్ష పెట్టారు. ఆయనతోపాటు లెక్కల మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, కానీ అనుమానించడమే తన ఉద్యోగం అనుకునే మనిషి. సైట్‌కు ఇంతమంది వస్తున్నారని మేము చెప్పినదంతా విని, ఆయన నెమ్మదిగా అన్నాడు: ‘‘వస్తున్నారంటారు, ఒక్కరినైనా మనం చూశామా? నేను పది రోజులుగా ఆ చాట్ గది చదువుతున్నానండి. సగం రాతలు వాగుడుకాయ అనే మనిషివే. రోజూ అదే వేళకు వస్తుంది. ఫోన్‌లోకి మాత్రం రాదు. ఆ భాష చూస్తే మన వరంగల్ అమ్మాయి భాషే. మనవాళ్లే రాసుకుని మనకు చూపిస్తున్నారని నా అనుమానం.’’

వరంగల్ అమ్మాయి లేచి నిలబడింది.

‘‘నేను గాదు సార్. ఒట్టు, నేను గాదు’’ అంది.

నేను కల్పించుకుని ఏదో చెప్పాను. కర్నూలు కుర్రాడైతే, ‘‘ఆయమ్మ వేరే కంప్యూటర్ నుంచి వస్తాంది సార్, నేను చూపిస్తా’’ అన్నాడు. ‘‘ఇంకో కంప్యూటర్ ముందు ఇంకో మనిషిని కూర్చోబెట్టొచ్చు కదా బాబూ’’ అన్నాడు మేనేజరు.

పెద్దాయన బల్ల మీద వేళ్లతో తాళం వేశారు. చివరికి, ‘‘నాకు లెక్కలొద్దు, మనుషుల్ని చూపించండి. వచ్చే ఆదివారం మీ పాఠకుల్ని ఇక్కడికి పిలవండి. ఆ వాగుడుకాయను కూడా. వస్తే సంతోషం. రాకపోతే ఈ విభాగం ఎందుకో మీరే చెప్పండి’’ అని లేచారు.

విభాగం మూతపడితే నేను మళ్లీ డెస్కుకు పోతాను, కర్నూలు కుర్రాడికి పక్క కంపెనీవాళ్లు రమ్మంటున్నారు. కష్టమంతా వరంగల్ అమ్మాయికి. దొంగ పాఠకుల్ని సృష్టించిందన్న మాట బయటికి పొక్కితే ఆ పిల్లకు ఏ పత్రికలోనూ ఉద్యోగం దొరకదు. పాత్రికేయుల్లో ఇలాంటి మాట ఎంత వేగంగా పాకుతుందో నాకు తెలుసు.

ఆ సాయంత్రమే ఆమె వాగుడుకాయను పిలిచింది. తెర పక్కనే నిలబడి చూశాను. జవాబు రావడానికి ఎప్పుడూ పట్టనంత సేపు పట్టింది. ‘‘నేను రాను. నన్ను చూస్తే మీకు మజా పోతది’’ అని వచ్చింది.

‘‘అసలు విషయం రాయమ్మా. నీ ఉద్యోగం పోయేలా ఉందని చెప్పు, తప్పకుండా వస్తుంది’’ అన్నాను.

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. ‘‘ఒద్దు మేడం. ఎందుకో ఆమె మనుషుల ముంగటికి రానంటుంది. నా నౌకరీ కోసం రమ్మనుడు నాకు మంచిగనిపిస్తలేదు.’’

నేను ఇంకా నచ్చజెప్పబోయాను. విన్లేదు. తనను నిలబెట్టే మాట ఒక్కటి నోట్లో ఉండి కూడా అనకుండా ఆ వారమంతా తిరిగింది. తెరమీద మాత్రం మామూలుగానే రాస్తున్నాననుకుంది.

ఆహ్వానం నేను రాశాను. ఆమె దిద్దింది. కర్నూలు కుర్రాడు సైట్‌లో పెట్టాడు. ‘ఆదివారం ఉదయం మా ఆఫీసుకు రండి, సమోసాలు తింటూ ఒకరినొకరు చూసుకుందాం’ అని పెద్ద అక్షరాల్లో.

ఆదివారం ఉదయం హాల్లో కుర్చీలు వేయించాం. కిటికీల పక్కన వరసగా కంప్యూటర్లు పెట్టి చాట్ గది తెరిచి ఉంచాం. సమోసాలు తెప్పించాం. పెద్దాయన చెప్పిన వేళకు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు, మేనేజరు ఆయన పక్కన.

ఒక్కరూ రాలేదు.

గంట గడిచింది. సమోసాల మీద కప్పిన కాగితం నూనె పీల్చుకుంటోంది. కర్నూలు కుర్రాడు లిఫ్టు దగ్గరికి వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం. వరంగల్ అమ్మాయి కిటికీలోంచి రోడ్డు వంకే చూస్తోంది. ఆ రోడ్డు మీద ఒక మేకల మంద తప్ప ఏమీ లేదు. మేనేజరు గడియారం చూసుకుని నావైపు జాలిగా చూశాడు. ఆ జాలి నాకు చెంపదెబ్బలా తగిలింది.

అప్పుడు ఫోన్ మోగింది. నగరంలోని మా ప్రధాన కార్యాలయం నుంచి వాచ్‌మన్.

‘‘మేడం, ఈడ మస్తుమంది పోరగాళ్లు వచ్చి కూసున్నరు. ఆఫీస్ బంద్ ఉందంటే ఇంటలేరు. చాటింగ్ అంటున్నరు, సమోసాలంటున్నరు. ఒకడైతే నన్ను పట్టుకొని వాగుడుకాయ నువ్వేనా అని అడుగుతున్నడు. ఏంది మేడం ఈ పరేషాన్?’’

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత కర్నూలు కుర్రాడు కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తి ఆహ్వానం తెరిచాడు. పేజీ అడుగున, మేము ఎప్పుడూ చూడని చోట, మొదటిరోజు నుంచీ పత్రిక ప్రధాన కార్యాలయం చిరునామాయే ఉంది. ‘మా ఆఫీసుకు రండి’ అన్నాం, హైటెక్ సిటీ అనే మాట ఎక్కడా రాయలేదు. రాసిన నేనూ, దిద్దిన అమ్మాయీ, పెట్టిన కుర్రాడూ ముగ్గురం ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నాం. ఇరవై ఏళ్లు ఊళ్లో వాళ్ల తప్పులన్నీ దిద్దానని చెప్పుకునే మనిషిని నేను!

‘‘నా తలకాయ, మేడం. యాడికి రావల్లో రాయకుండానే పిలిచినాం గదా!’’ అని కర్నూలు కుర్రాడు నెత్తి కొట్టుకున్నాడు.

పెద్దాయన లేచి వచ్చారు. సంగతి విన్నారు. తిడతారనుకున్నాను. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, ‘‘పేపరు కట్టలు తీసుకెళ్లే వ్యాన్లు ఖాళీగానే ఉంటాయిగా ఇప్పుడు? డ్రైవర్లను లేపి, పిల్లలందర్నీ ఎక్కించి ఇక్కడికి పంపించు. ఒక్కళ్లు కూడా వెనక్కి పోకూడదు’’ అన్నారు. ఫోన్ పెట్టేసి మావైపు తిరిగారు. ‘‘వచ్చారన్నమాట’’ అన్నారు. అంతే అన్నారు కానీ, ఆయన ముఖం చూసి నా గుండె కాస్త కుదుటపడింది.

మేనేజరు మాత్రం, ‘‘వాగుడుకాయ కూడా వస్తేనే కదండీ తేలేది’’ అన్నాడు.

వ్యాన్లు రావడం చూసి తీరాల్సిందే. వెనక తలుపులు తెరవగానే న్యూస్‌ప్రింట్ వాసనతో, బట్టలకు సిరా మరకలతో పిల్లలు కిందికి దూకారు. లంగా ఓణీలు, జీన్సులు, ఒక బురఖా, ఒక ఎన్‌సీసీ యూనిఫాం. దారిలోనే స్నేహాలైపోయాయి. ‘నువ్వా తిక్కశంకరం?’, ‘అరే, చార్మినార్ చిన్నోడివి నువ్వేనా, ఇంత పొడుగున్నవేందిరా!’ అని అరుపులు. గొడవపెట్టిన విజయవాడ కుర్రాడు కూడా రైలెక్కి వచ్చేశాడు. పెద్దాయన గుమ్మంలో నిలబడి పెళ్లివారిని ఆహ్వానించినట్టు ఒక్కొక్కరినీ ‘‘రండమ్మా, రండి బాబూ’’ అంటున్నారు.

అందరూ సర్దుకున్నాక ఒక్కొక్కరూ లేచి చాట్‌లో తమ పేరు చెప్పారు. ప్రతి పేరుకూ చప్పట్లు. వరస అయిపోయింది. వాగుడుకాయ అని ఎవరూ అనలేదు.

వరంగల్ అమ్మాయి ముందుకొచ్చి, ‘‘వాగుడుకాయ ఎవరు? వచ్చిందా?’’ అని అడిగింది.

పిల్లలు తలలు తిప్పి వెతుక్కున్నారు. ఎవరూ లేవలేదు.

‘‘వాగుడుకాయ!’’ అని ఇంకోసారి, ఈసారి గట్టిగా పిలిచింది.

మేనేజరు పెద్దాయన వైపు చూశాడు. విజయవాడ కుర్రాడు నిరాశగా, ‘‘అయ్యో, ఆవిడ రాలేదాండీ? నేను వచ్చిందే ఆవిడకోసం’’ అన్నాడు. ఆ మాటతో వరంగల్ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరి ముందూ ఏడవకూడదని కాబోలు, గబగబా వెళ్లి ఓ కంప్యూటర్ ముందు కూర్చుంది. నేను వెనకాలే వెళ్లాను. రోజూ సాయంత్రం వేళ్లకు అలవాటైన పనే చేసింది. ‘‘యాడున్నవే?’’ అని కొట్టింది.

మరుక్షణం తెరమీద జవాబు వచ్చింది.

‘‘నీ ఎనకనే ఉన్న. ఇందాకటి సంది చూస్తున్న, అందరు నోళ్లు ఆడిస్తున్నరు, చప్పట్లు కొడుతున్నరు. ఏమంటున్నరో జర నాకు కూడ రాసి చెప్పరాదు?’’

ఇద్దరం ఒక్కసారే వెనక్కి తిరిగాం. వరస చివరి కంప్యూటర్ దగ్గర సన్నటి అమ్మాయి, ఆకుపచ్చ చుడీదారు, చెంపమీద సిరా మరక. మావైపే చూస్తోంది. నవ్వాలా వద్దా అని తేల్చుకోలేని ముఖం. అంతకుముందు వరసగా పేర్లు చెబుతున్నప్పుడు ఆ పిల్ల కిటికీ పక్కన నిలబడి ఉండటం నేను చూశాను. సిగ్గుపడుతోందనుకుని ఊరుకున్నాను.

ఆ అమ్మాయికి చెవులు వినపడవు.

వరంగల్ అమ్మాయి కుర్చీ తోసుకుని పరుగెత్తి ఆమెను గట్టిగా పట్టుకుంది. ఏడుస్తూ, నవ్వుతూ ఏదేదో మాట్లాడుతోంది. ఆమె మెల్లగా విడిపించుకుని, నవ్వి, తెర వైపు వేలు చూపించింది, అక్కడ రాయమని.

తర్వాత కథంతా ఆ తెరమీదే నడిచింది. హాలంతా దాని చుట్టూ మూగింది. చిన్నప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి వినికిడి పోయిందట. మాటలు అప్పటికే వచ్చు, చదువూ వచ్చు. మాట్లాడితే గొంతు ఎక్కడో పైకిపోతుందని, బళ్లో పిల్లలు నవ్వితే మాట్లాడటం మానేసిందట. దిల్‌సుఖ్‌నగర్‌లో బాబాయికి ఇంటర్నెట్ సెంటర్ ఉంది. సాయంత్రాలు అక్కడ గల్లా దగ్గర కూర్చుంటుంది. ‘‘మీ చాట్‌ల నేనూ అందరి లెక్కనే. ఇంకా చెప్పాలంటే అందరికంటె తొందరగ మాట్లాడుత’’ అని రాసింది.

‘‘రానన్నవు గద, మల్ల ఎందుకొచ్చినవే?’’ అని మా అమ్మాయి కొట్టింది.

‘‘వారం సంది నువ్వు ఒక్క జోకు కూడ ఎయ్యలే. నేనేసిన జోకులకు ఆలస్యంగ నవ్వుతున్నవ్. ఏదో అయిందనుకున్న. అడిగితే చెప్పవు. చూసిపోదామని వచ్చిన.’’

ఆ వాక్యం చదివి నేను పక్కకు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాను. పక్కన మేనేజరు కూడా అదే పనిలో ఉన్నాడు.

పెద్దాయన పిల్లల్ని జరగమని, పక్క కంప్యూటర్ ముందు కూర్చున్నారు. జీవితంలో కీబోర్డు ముట్టుకున్న మనిషి కాదు. కర్నూలు కుర్రాడు ఎక్కడ ఏ అక్షరం ఉందో చూపిస్తుంటే ఒంటివేలితో కొట్టారు: ‘‘నువ్వు నిజంగా వాగుడుకాయవేనా?’’

‘‘మీరు నిజంగా ఓనరేనా? మా చాట్‌ల పోరగాళ్లు దినాం ఇద్దరు ముగ్గురు ఓనర్లమనే చెప్తరు.’’

హాలు గొల్లుమంది. పెద్దాయన మళ్లీ వేలు ఎత్తి అక్షరాలు వెతుక్కుంటుంటే ఇంకో వాక్యం వచ్చి పడింది: ‘‘నిదానంగ కొట్టుండ్రి సార్. నేను సాయంత్రం దాక ఖాళీనే.’’

ఆయన నవ్వు అంత పెద్దగా వినడం నాకు అదే మొదలు. కుర్చీలో వెనక్కి వాలిపోయి నవ్వారు. పావుగంటసేపు ఆమెతో మాట్లాడారు. అందులో ఆయన రాసినవి నాలుగైదు మాటలే, తక్కినదంతా ఆమే. లేచేటప్పుడు మేనేజరు భుజం మీద చెయ్యి వేసి, ‘‘ఇలాంటి మనిషిని కల్పించడం మనవాళ్ల వల్ల అవుతుందంటావా?’’ అన్నారు.

మేనేజరు నేరుగా వరంగల్ అమ్మాయి దగ్గరికి వెళ్లాడు. ‘‘పొరపాటు పడ్డానమ్మా. మనసులో పెట్టుకోకు’’ అన్నాడు.

‘‘ఫికర్ చెయ్యకుర్రి సార్’’ అంది ఆమె ముక్కు తుడుచుకుంటూ. ‘‘మా ఇద్దరి భాష ఒక్కతీర్గనే ఉంటది. ఎవ్వరైనా అట్లనే అనుకుంటరు.’’

విభాగం మూతపడలేదు. మరికొన్నేళ్లు నడిచింది, తర్వాత కాలం మారి వేరే విభాగంలో కలిసిపోయింది. వాగుడుకాయ ఆ నెల నుంచే మా దగ్గర ఉద్యోగంలో చేరింది, చాట్ గదికి రెండో కాపలాదారుగా. నేను డెస్కుకు తిరిగి వెళ్లేదాకా ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని తెరమీదే పోట్లాడుకునేవాళ్లు. దొంగ పాఠకులుంటారని అనుమానించడం తప్పని నేననను. ఉంటారు, మీ రోజుల్లో మరీ ఎక్కువ. కానీ అంకెల వెనక ఎవరున్నారో చూడాలని పట్టుబట్టిన యజమాని ఉండటం మా అదృష్టం. చూపించగలగడం అంతకంటే పెద్ద అదృష్టం. మా తెలివి అందులో ఏమీ లేదు, చిరునామా సంగతి మీకు చెప్పాను కదా.

ఆ సాయంత్రం వ్యాన్లు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయాయి. వాగుడుకాయ మాత్రం బస్సులో వెళ్తానంది. వరంగల్ అమ్మాయి స్టాపు దాకా తోడు వెళ్లింది. వారం రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలి, చల్లారిన సమోసా ఒకటి తింటూ నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద రోడ్డు మీద ఇద్దరూ నడుస్తున్నారు. చేతిలో కీబోర్డు లేదు, ఎలా మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలిసినట్టు లేదు. కాసేపు చేతులు ఊపుకున్నారు. అరచేతిలో వేలితో ఏదో రాసి చూపించుకున్నారు. తర్వాత వాగుడుకాయ ఆగి, అటూ ఇటూ చూసింది. బండరాళ్లు తప్ప ఎవరూ లేరు. నోరు తెరిచి మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు అర్థం కాలేదు కానీ, మూసి ఉన్న అద్దాల కిటికీ దాటుకుని మూడో అంతస్తు దాకా గొంతు వినిపించింది. వరంగల్ అమ్మాయి నవ్వలేదు. ఇంకోసారి చెప్పమన్నట్టు చెయ్యి ఊపింది. ఆ పిల్ల మళ్లీ, ఇంకా గట్టిగా, చెప్పింది. బస్సు వచ్చేదాకా చెబుతూనే ఉంది.